కోరాపుట్‌లో నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి: విశిష్టోష్ణంతో తెలియని లోహాన్ని పోల్చుకోవడం ఎలా

ఒక గ్రాము పదార్థం ఒక డిగ్రీ వేడెక్కడానికి కావలసిన ఉష్ణమే దాని విశిష్టోష్ణం. అల్యూమినియానికి ఇది 0.90 జౌళ్లు, ఇనుముకు 0.45, రాగికి 0.385, సీసానికి 0.129. అంకెల మధ్య ఇంత ఎడం ఉంది కాబట్టి, చేతిలో ఉన్న ముక్క ఏ లోహమో తెలియనప్పుడు దాని విశిష్టోష్ణం కొలిచి పోల్చుకోవచ్చు. పద్ధతి మీరు బడిలో చదువుకున్నదే: ముక్కను మరిగే నీళ్లలో వేడిచేసి, తూచిపెట్టిన చల్లని నీళ్లలో వేసి, నీళ్లు ఎంత వేడెక్కాయో చూడడం. చదవడానికి ఇంతే. చేసినప్పుడు మాత్రం ఇనుప ముక్కకు 0.41 వచ్చి, అది రాగి అని రాసేసి వెళ్లిపోయేవాళ్లు చాలామంది. ఆ తప్పు ఎక్కడ పుడుతుందో అంకెలతో సహా చూపించడానికే ఈ వివరాలన్నీ.

మొదట మీరు ఏ ఊళ్లో ఉన్నారో చూసుకోండి. ఈ ప్రయోగంలో ఊరికి పని ఉంది. దక్షిణ ఒడిశాలో బరంపురం, గోపాల్‌పూర్ సముద్రమట్టానికి దగ్గర, అక్కడ నీళ్లు 100 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. పర్లాకిమిడి, రాయగడల్లో అర డిగ్రీ, ముప్పాతిక డిగ్రీ తక్కువ. ఘాటీ ఎక్కి జయపురం చేరితే సుమారు 660 మీటర్ల ఎత్తు, నీళ్లు 98 లోపే మరుగుతాయి. కోరాపుట్ సుమారు 870 మీటర్లు, అక్కడ 97. స్థూలంగా ప్రతి 300 మీటర్ల ఎత్తుకూ ఒక డిగ్రీ తగ్గుతుందని గుర్తుపెట్టుకుంటే చాలు. పుస్తకంలో "లోహం ఉష్ణోగ్రత 100 డిగ్రీలు" అని అచ్చయి ఉన్నా, కోరాపుట్‌లో ఆ అంకె వెయ్యకూడదు. థర్మామీటరు మరిగే నీళ్లలో పెట్టి, అక్కడ చూపించినదే రాయాలి.

కావలసినవి

కెలోరీమీటరు, అంటే వేడి బయటికి పోకుండా ఆపి ఉష్ణాన్ని కొలిచే పాత్ర: బడిలో చెక్కపెట్టెలో పెట్టిన రాగి గిన్నె, కలుపు కడ్డీ, మూత ఉంటే అదే మేలు. లేకపోతే 200 మిల్లీలీటర్లు పట్టే కాగితపు కప్పులు రెండు తీసుకుని ఒకదానిలో ఒకటి దించండి. మధ్యలో కాస్త కాగితం నలిపి కూరి, పైన అట్టముక్కతో మూత చేసి, దానికి థర్మామీటరు పట్టేంత చిల్లు పెట్టండి. టీ కొట్టు కప్పులు చిన్నవి, లోహం వేస్తే నీళ్లు పొర్లిపోతాయి.

థర్మామీటర్లు రెండు. ఒకటి మరిగే నీళ్లకు, రెండోది కెలోరీమీటరుకు. రెండో దానిలో 0.1 డిగ్రీ కనబడాలి. డిజిటల్ ప్రోబ్ థర్మామీటరు సరిపోతుంది. ఒక డిగ్రీ గీతలున్న సాదా ప్రయోగశాల థర్మామీటరుతో అల్యూమినియాన్ని ఇనుము నుంచి విడదీయొచ్చు గానీ, ఇనుమునూ రాగినీ విడదీయడం కష్టం. రెండు థర్మామీటర్లనూ ముందు కరిగే ఐసులో పెట్టి సున్నా చూపిస్తున్నాయో లేదో చూడండి. అర డిగ్రీ తేడా చూపించే థర్మామీటర్లు అరుదేమీ కాదు. తేడా ఉంటే దాన్ని రాసుకుని ప్రతి రీడింగులోనూ సరిచేసుకోవచ్చు, థర్మామీటరు పారేయక్కర్లేదు.

కాటా: 0.1 గ్రాము చూపించేది కావాలి. కిరాణా కొట్టు కాటా పనికిరాదు. కంసాలి దగ్గరి డిజిటల్ కాటా చాలా బాగుంటుంది, కాకపోతే అది ఎంత బరువు వరకు మోస్తుందో ముందు అడగండి. కొన్ని 200 గ్రాములకే ఆగిపోతాయి.

ఇవి కాక ఒక గిన్నె, స్టవ్వు, గట్టి నూలు దారం, పట్టకారు, గడియారం, గ్రాఫు కాగితం.

ముక్క ఎంత ఉండాలి

అందరూ తేలిగ్గా దాటేసే మెట్టు ఇదే. నీళ్లు 6 నుంచి 10 డిగ్రీలు వేడెక్కేలా ముక్క బరువు ఎంచుకోవాలి. మూడు డిగ్రీలే పెరిగితే, రీడింగులో 0.2 తప్పు పడినా జవాబు ఏడు శాతం జరిగిపోతుంది. పదిహేను డిగ్రీలు దాటితే కెలోరీమీటరు నుంచి గాలిలోకి పోయే వేడి పెరుగుతుంది.

100 గ్రాముల నీళ్లకు ఇనుము, రాగి, ఇత్తడి అయితే 120 నుంచి 150 గ్రాములు సరిపోతాయి. అల్యూమినియం 60 నుంచి 80 గ్రాములు చాలు. 150 గ్రాములు తీసుకుంటే అది 55 ఘన సెంటీమీటర్లు ఉంటుంది, గిన్నెలో పట్టదు. సీసం అయితే లెక్క తిరగబడుతుంది. 300 గ్రాముల సీసం తీసుకుని నీళ్లు 80 గ్రాములకు తగ్గించాలి. ముక్క ఏదో తెలియనప్పుడు ఇదంతా ఎలా తెలుస్తుందంటారా? ఒకసారి ఉజ్జాయింపుగా చేసి చూడండి. ఎంత పెరిగిందో చూసి, బరువు మార్చి మళ్లీ చేయండి. మొదటిసారి చేసినదాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

ముక్కలు ఎక్కడ దొరుకుతాయి? పాత ఇనుప సామాన్ల కొట్టులో బోల్టులు, మోటారు వైండింగు రాగి తీగ, విరిగిన అల్యూమినియం పాత్రలు దొరుకుతాయి. ఒడియా కొట్టుకు వెళితే ఇత్తడిని పితల అని, కంచును కంసా అని అడగండి. గోపాల్‌పూర్ తీరంలో జాలర్లు వలలకు కట్టే సీసపు గుళ్లు ఈ ప్రయోగానికి చక్కగా సరిపోతాయి. దామన్‌జోడి చుట్టుపక్కల పిల్లలకు ఒక మాట: అక్కడి కర్మాగారంలో తయారయ్యేది అల్యూమినా అనే తెల్లని పొడి, లోహం కాదు. దాని నుంచి అల్యూమినియం తీసే పని అంగుల్‌లో జరుగుతుంది. ఆ పొడిని తెచ్చి అల్యూమినియం అనుకుని కొలవకండి.

వైండింగు తీగను చుట్టలా వేడిచేస్తే చుట్ల మధ్య నీళ్లు నిలుస్తాయి. దాని మీద వార్నిష్ పూత కూడా ఉంటుంది. బోలుగా ఉండి అన్నివైపులా మూసుకుపోయిన వస్తువును వేడిచేయకండి, లోపలి గాలి ఉబ్బి పగలవచ్చు. బ్యాటరీ విప్పి తీసిన ముక్కలు అసలే వద్దు. మెగ్నీషియం ముక్క అనే అనుమానం ఉంటే మంట దగ్గరికి తీసుకెళ్లకండి.

ముందు కెలోరీమీటరు ఎంత వేడి తాగుతుందో తెలుసుకోండి

నీళ్లతో పాటు గిన్నె, కడ్డీ, థర్మామీటరు కూడా వేడెక్కుతాయి. ఆ వాటాను విడిగా లెక్కకట్టాలి. రాగి కెలోరీమీటరు అయితే సులువు: గిన్నెనూ కడ్డీనీ కలిపి తూచి 0.385తో గుణించండి. 52 గ్రాములు ఉంటే డిగ్రీకి 20 జౌళ్లు. చెక్కపెట్టెను తూచక్కర్లేదు.

కాగితపు కప్పులకు అలా గుణించి తేల్చలేం, కొలవాల్సిందే. కప్పులో 60 గ్రాముల చల్లని నీళ్లు పోసి ఉష్ణోగ్రత రాయండి, 24.0 అనుకుందాం. విడిగా 60 గ్రాముల వేడినీళ్లు, 58.0 దగ్గర ఉన్నవి, ఒక్కసారిగా పోసి, మూతపెట్టి కలపండి. కప్పు ఏమీ తాగకపోతే సరిగ్గా 41.0 రావాలి. 40.3 వచ్చిందనుకోండి. నీళ్ల విశిష్టోష్ణం 4.184 కాబట్టి, వేడినీళ్లు ఇచ్చింది 60 × 4.184 × 17.7 = 4443 జౌళ్లు. చల్లని నీళ్లు పుచ్చుకున్నది 60 × 4.184 × 16.3 = 4092. మిగిలిన 351 జౌళ్లు కప్పు తాగింది. దాన్ని 16.3తో భాగిస్తే డిగ్రీకి 21.5.

ఇదే రీడింగు 40.4 అయి ఉంటే జవాబు 18.4కు పడిపోతుంది. ఒక్క పదో వంతు డిగ్రీకి ఇంత ఊగే అంకెను ఒకసారి కొలిచి నమ్మకూడదు. కనీసం నాలుగైదుసార్లు చేసి సగటు తీయండి. వేడినీళ్లు పోసే పాత్ర కూడా దారిలో వేడి తాగుతుంది కాబట్టి, పోసే ముందు క్షణంలో ఆ నీళ్ల ఉష్ణోగ్రత చూడాలి, స్టవ్వు మీద ఉన్నప్పుడు చూసినది పనికిరాదు. కప్పు మార్చినా, మూత మార్చినా ఈ కొలత మళ్లీ చేయాల్సిందే.

అసలు ప్రయోగం

1. ముక్కను తుడిచి, నూనె మరకలు సబ్బుతో కడిగి, ఆరబెట్టి తూచండి. కింది లెక్కకు 150.0 గ్రాములు అనుకుందాం.

2. దారం కట్టి మరిగే నీళ్లలో వేలాడదీయండి. గిన్నె అడుగుకు తగలకూడదు. అడుగు నీళ్లకంటే వేడిగా ఉంటుంది, దానికి ఆనిన ముక్క కూడా నీళ్లను దాటి వేడెక్కుతుంది. నీళ్లు తెర్లుతూ ఉండగా పది నిమిషాలు ఉంచండి. ఆ నీళ్ల ఉష్ణోగ్రత రాయండి: కోరాపుట్‌లో 97.0.

3. ఈలోగా కెలోరీమీటరులో 100.0 గ్రాముల నీళ్లు తూచి పోయండి. ఈ నీళ్లు గది కంటే నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉండాలి. గది 29 ఉంటే నీళ్లు 24. లోహం వేశాక 33, 34 దాకా పోతాయి. అంటే మొదట్లో గది నుంచి కాస్త వేడి లోపలికి వస్తుంది, చివర్లో దాదాపు అంతే బయటికి పోతుంది, ఒకదానికొకటి చెల్లు. ఎండాకాలం మట్టికుండలో నీళ్లు దీనికి బాగా సరిపోతాయి. వానాకాలం గాలిలో తేమ ఎక్కువై కుండ నీళ్లు అంతగా చల్లబడవు, అప్పుడు కొంచెం ఐసు వేసి, అది పూర్తిగా కరిగాక తూచండి. తీరప్రాంతంలో ఇంకొక జాగ్రత్త: నీళ్లు మరీ చల్లగా ఉంటే గిన్నె బయట చెమ్మ పడుతుంది. ఆ చెమ్మ పట్టేటప్పుడు వేడి విడుదలవుతుంది, లెక్క చెడుతుంది. గిన్నె చెమర్చిందంటే ఆ నీళ్లు పారబోసి, కాస్త వెచ్చని నీళ్లతో మళ్లీ మొదలుపెట్టండి.

4. నీళ్ల ఉష్ణోగ్రత అర నిమిషానికి ఒకసారి మూడు నిమిషాలపాటు రాయండి.

5. దారం పట్టి ముక్కను పైకి తీసి, ఒక్క విదుపు విదిలించి, నీళ్లు చిందకుండా కెలోరీమీటరులోకి దించి మూతపెట్టండి. ఆ క్షణంలో గడియారం ఎంత చూపిస్తుందో రాయండి. ముక్క పూర్తిగా నీళ్లలో మునగాలి.

6. మెల్లగా, ఆపకుండా కలుపుతూ పావు నిమిషానికి ఒకసారి రెండు నిమిషాలు, ఆపైన అర నిమిషానికి ఒకసారి మరో ఐదు నిమిషాలు రీడింగులు తీయండి. ఉష్ణోగ్రత శిఖరానికి చేరి దిగడం మొదలుపెట్టిందని అక్కడితో ఆపకండి. ఆ దిగే గీతే మనకు ముఖ్యం.

7. అంతా అయ్యాక కెలోరీమీటరును లోహంతో సహా మళ్లీ తూచండి. ఈ మెట్టు చాలామంది చేయరు. ఎందుకు చేయాలో కింద ఉంది.

చివరి ఉష్ణోగ్రత ఏది

గ్రాఫు గీయండి: అడ్డంగా కాలం, నిలువుగా ఉష్ణోగ్రత. లోహం వేశాక రేఖ చురుగ్గా పైకి లేచి, వంగి, తర్వాత నెమ్మదిగా తిన్నగా దిగుతుంది. ఆ తిన్నని భాగానికి స్కేలు ఆనించి, లోహం వేసిన క్షణం దాకా వెనక్కు పొడిగించండి. అక్కడ వచ్చినదే చివరి ఉష్ణోగ్రత. థర్మామీటరు చూపించిన గరిష్ఠం కంటే ఇది పదో వంతో రెండో ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే లోహంలోని వేడి నీళ్లలోకి పూర్తిగా దిగేలోపే కొంత బయటికి పోయింది. గరిష్ఠం 33.5 కనబడి, గీత పొడిగిస్తే 33.7 వచ్చిందనుకుందాం. ఈ 0.2 జవాబులో రెండు శాతం పైగా.

లెక్క

నీళ్లు, గిన్నె కలిసి డిగ్రీకి పుచ్చుకునేది: 100 × 4.184 + 20 = 438.4 జౌళ్లు.
పెరిగినది: 33.7 − 24.0 = 9.7 డిగ్రీలు. పుచ్చుకున్న ఉష్ణం: 4252 జౌళ్లు.
లోహం దిగినది: 97.0 − 33.7 = 63.3 డిగ్రీలు.
విశిష్టోష్ణం: 4252 ÷ (150 × 63.3) = 0.448.

ఇనుము 0.449. ఇంతకన్నా బాగా రావాలని కోరుకోనక్కర్లేదు.

ఇప్పుడు ఇదే ప్రయోగాన్ని, ఇవే రీడింగులను, అలవాటైన రెండు తప్పులతో లెక్కకట్టి చూడండి. కోరాపుట్‌లో ఉండి లోహం 100 డిగ్రీలు అని రాస్తే 0.428. లోహం 97 అని సరిగ్గానే రాసి, గిన్నె తాగిన వేడిని మరిచిపోతే 0.427. రెండూ కలిసి చేస్తే 0.408. ఇది ఇనుము కంటే రాగికి దగ్గర. ఇందులో చేయి వణకలేదు, నీళ్లు చిందలేదు, కొలతలన్నీ సరైనవే. లెక్కలో రెండు అంకెలు వదిలేసినందుకే ఇనుము రాగి అయింది.

వేడినీటి చుక్క

పుస్తకాలు "లోహాన్ని త్వరగా మార్చాలి" అని గట్టిగా చెబుతాయి. అది మంచి మాటే. కానీ గట్టి ముక్క పొడిగా ఉంటే నాలుగైదు సెకన్లలో గాలికి కోల్పోయేది 20 జౌళ్ల చుట్టుపక్కల, అంటే అర శాతం. అసలు నష్టం ముక్కను అంటుకుని వచ్చే నీళ్లతో. 97 డిగ్రీల నీళ్లు ఒక్క గ్రాము వచ్చినా 265 జౌళ్లు తెస్తుంది. ఇనుము విశిష్టోష్ణం 0.475 దాటిపోతుంది. నీటికి వేడి పట్టుకునే శక్తి ఇనుముకు తొమ్మిది రెట్లు పైగా ఉంది కాబట్టి, ఆ ఒక్క గ్రాము తొమ్మిది గ్రాముల ఇనుము చేసే పని చేస్తుంది. కంగారుగా తడిముక్కను పడేయడం కంటే, ఒక సెకను ఆగి విదిలించడం నయం. గుడ్డతో తుడవకండి, గుడ్డ వేడిని లాగేస్తుంది.

ఏడో మెట్టు ఇందుకే. చివరి బరువులో నుంచి గిన్నె, నీళ్లు, లోహం బరువులు తీసేస్తే మిగిలేది లోహంతో వచ్చిన నీళ్లు. 0.3 గ్రాము తేలితే 0.3 × 4.184 × 63.3, అంటే సుమారు 79 జౌళ్లు, లోహం ఇచ్చిన ఉష్ణంలోంచి తీసేయండి. బరువు మొదటికంటే తగ్గిందంటే ఎక్కడో నీళ్లు చిందాయి. ఆ ప్రయోగం వదిలేయండి.

మేకులు, సీసపు గుళ్లు, తీగముక్కల వంటివి ఎన్ని విదిలించినా తడి వదలవు. వాటిని వెడల్పాటి పరీక్షనాళికలో పొడిగా పోసి, నాళికను మరిగే నీళ్లలో నిలబెట్టి, మూతికి దూది పెట్టి వేడిచేయండి. ఇలా చేస్తే పది నిమిషాలు చాలవు, పదిహేను, ఇరవై కావాలి. అప్పటికీ మధ్యలోని గుళ్లు మరిగే నీళ్లకంటే ఒకటి రెండు డిగ్రీలు తక్కువలోనే ఉండిపోవచ్చు. థర్మామీటరును గుళ్ల మధ్యనే దూర్చి, అక్కడ నిలకడగా ఉన్న అంకెను లోహం ఉష్ణోగ్రతగా రాయండి. ఆపైన థర్మామీటరు తీసి, నాళికను వంచి గుళ్లన్నీ ఒక్కసారిగా కుమ్మరించండి.

సాంద్రత లేకుండా పేరు పెట్టకండి

విశిష్టోష్ణం ఒక్కటే చూసి పేరు పెట్టడం ప్రమాదం. రాగి 0.385, జింకు 0.39, ఇత్తడి 0.38: ఈ మూడింటినీ ఏ బడి కెలోరీమీటరూ విడదీయలేదు. సీసానికీ బంగారానికీ ఒకే అంకె, 0.129. తగరం 0.23, వెండి 0.235. వీటిని సాంద్రత విడదీస్తుంది. దానికి కొత్త పరికరం అక్కర్లేదు.

కాటా మీద సగం నీళ్లున్న గ్లాసు పెట్టి సున్నా చేయండి. ముక్కను దారంతో వేలాడదీసి, అడుగుకూ అంచుకూ తగలకుండా పూర్తిగా ముంచండి. కాటా ఎన్ని గ్రాములు చూపిస్తే ముక్క ఘనపరిమాణం అన్ని ఘన సెంటీమీటర్లు. ముక్క తోసేసిన నీళ్ల బరువే కాటా మీద పడుతుంది కదా. ముక్కకు గాలి బుడగలు అంటుకుంటే వేలితో రాసి వదిలించండి. మన 150 గ్రాముల ముక్కకు 19.1 చూపిస్తే సాంద్రత 7.85. విశిష్టోష్ణం 0.448, అయస్కాంతం పట్టుకుంటోంది. ఇక అది ఇనుమే, లేదా మామూలు ఉక్కు. నికెల్ విశిష్టోష్ణం కూడా 0.444, అయస్కాంతానికీ అంటుకుంటుంది, కానీ దాని సాంద్రత 8.9.

పోల్చుకోవడానికి, మొదట విశిష్టోష్ణం, తర్వాత సాంద్రత:

అల్యూమినియం: 0.90, 2.70
స్టెయిన్‌లెస్ స్టీలు, వంటపాత్రల రకం: 0.50, సుమారు 8.0
ఇనుము: 0.45, 7.87
జింకు: 0.39, 7.14
రాగి: 0.385, 8.96
ఇత్తడి: 0.38, 8.4 నుంచి 8.7
కంచు: 0.35 దగ్గర, 8.6 నుంచి 8.8
వెండి: 0.235, 10.5
తగరం: 0.23, 7.29
సీసం: 0.129, 11.34
బంగారం: 0.129, 19.3

1819లో డ్యూలాంగ్, పెటిట్ అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు గమనించిన ఒక నియమం ఇక్కడ అక్కరకొస్తుంది. ఘనరూపంలో ఉన్న మూలకం పరమాణు భారాన్ని దాని విశిష్టోష్ణంతో గుణిస్తే సుమారు 25 వస్తుంది. కాబట్టి 25ను మీకు వచ్చిన విశిష్టోష్ణంతో భాగించండి. 0.448తో భాగిస్తే 55.8, ఇనుము పరమాణు భారం సరిగ్గా అదే. ఇంత చక్కగా కుదిరిందని మురిసిపోయి అన్నింటికీ దీన్నే నమ్మకండి. గోపాల్‌పూర్‌లో 300 గ్రాముల వలగుళ్లను 100 డిగ్రీలకు వేడిచేసి, అదే రాగి కెలోరీమీటరులో 27.0 డిగ్రీల నీళ్లు 80 గ్రాముల్లో వేస్తే 34.2 వస్తుంది. విశిష్టోష్ణం 0.129. 25ను దానితో భాగిస్తే 194. సీసం 207, బంగారం 197, ప్లాటినం 195. నియమాన్ని నమ్ముకుంటే వలకు ప్లాటినం కట్టినట్టే. సాంద్రత 11.3 చూశాక సందేహం ఉండదు. ఆ నియమం ఉజ్జాయింపు మాత్రమే, మిశ్రమ లోహాలకు నేరుగా వర్తించదు కూడా.

సీసపు గుళ్లు ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి. వాటిని మరిగించిన గిన్నెలో మళ్లీ వంట చేయకండి.

కంచా, ఇత్తడా

ఈ ప్రాంతంలో ఇళ్లలో నిజంగా వచ్చే ప్రశ్న ఇది. కంసా గిన్నె అని కొన్నది కంచేనా, ఇత్తడికి మెరుగు పెట్టినదా? ఇక్కడ సాంద్రత సాయం చేయదు, రెండింటి అంకెలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. విశిష్టోష్ణమే కాస్త దారి చూపిస్తుంది. మిశ్రమ లోహం విశిష్టోష్ణాన్ని భాగాల వాటాను బట్టి లెక్కకట్టవచ్చు. 78 పాళ్ల రాగి, 22 పాళ్ల తగరం ఉన్న కంచుకు 0.78 × 0.385 + 0.22 × 0.227 = 0.35. ఇత్తడిలో ఉన్న రాగి, జింకు రెండూ 0.385 చుట్టుపక్కలవే కాబట్టి, పాళ్లు ఎలా మారినా అది 0.38 దాటి కిందికి పెద్దగా రాదు.

తేడా ఎనిమిది శాతం. 200 గ్రాముల ముక్కను 97 నుంచి 24 డిగ్రీల నీళ్లు 100 గ్రాముల్లో వేస్తే, ఇత్తడి నీళ్లను సుమారు 10.8 డిగ్రీలు పెంచుతుంది, కంచు 10.0. ఈ ముప్పాతిక డిగ్రీ తేడాను పట్టుకోవాలంటే 0.1 చూపించే థర్మామీటరు, ముక్కతో వచ్చిన నీళ్ల లెక్క, కనీసం ఐదు ప్రయోగాలు ఉండాలి. ఐదింటి జవాబులు తమలో తామే పది శాతం అటూ ఇటూ పోతుంటే కంచనీ ఇత్తడనీ చెప్పే హక్కు ఆ ప్రయోగానికి లేదు.

ఇంకో మంచి దారి ఉంది. ఖాయంగా ఇత్తడి అని తెలిసిన ముక్కను అంతే బరువులో తీసుకుని, అదే కెలోరీమీటరులో, అన్నే నీళ్లతో, అదే రోజు కొలవండి. మీ థర్మామీటరు తప్పు, గిన్నె తప్పు రెండింటిలోనూ ఒకేలా పడతాయి కాబట్టి, రెండు జవాబుల నిష్పత్తి విడి జవాబులకంటే నమ్మదగినది. తెలియని ముక్క జవాబు ఇత్తడి జవాబుకు 0.92 వంతు దగ్గర వస్తే కంచు వైపు, ఒకటికి దగ్గరగా వస్తే ఇత్తడి వైపు.

పూర్తి గిన్నె అయితే బడి కెలోరీమీటరులో పట్టదు. దాన్ని విరగ్గొట్టనక్కర్లేదు. అన్నం వేడిగా ఉంచే మూతల హాట్‌ప్యాక్ తీసుకుని, గిన్నె మునిగేంత నీళ్లు తూచి పోసి, దాని వేడి వాటాను వేడినీళ్లు, చల్లని నీళ్లు కలిపే పద్ధతిలోనే కొత్తగా కొలవండి. నీళ్లు పెరిగాయి కాబట్టి ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలే పెరగవచ్చు. అలా అయితే అంతే బరువున్న ఇత్తడి గిన్నెతో పోల్చడం తప్ప, విడిగా వచ్చిన అంకె మీద ఆధారపడకండి. వేడి గిన్నెను బోర్లించి ఎత్తండి, వెల్లకిలా ఎత్తితే లోపల మరిగే నీళ్లు నిలిచి వస్తాయి. దించేటప్పుడు మాత్రం వెల్లకిలా దించండి, లేకపోతే లోపల గాలి చిక్కుకుని గిన్నె సగం పొడిగానే ఉండిపోతుంది.